మొదటి గిటార్, ఎత్తు నట్: చాలాకాలం వాడాక నా మాట

ఈ గిటార్ కొన్న కొత్తలో అడిగిన ప్రతివాళ్లకీ "మొదలుపెట్టేవాళ్లకి ఇది చాలు, కళ్లు మూసుకుని కొనుక్కోండి" అని చెప్పాను. చాలు అన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ కొనేముందు మెడ చివర, తీగలు ట్యూనింగ్ కీల వైపు తిరిగేచోట ఉండే తెల్లటి చిన్న పట్టీని, అంటే నట్‌ని, ఒకసారి చూసుకోమని ఇప్పుడు చెబుతాను. చెక్క, సైజు, ధర ఏ షాపులో అడిగినా చెబుతారు. నట్ సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

నా ఇబ్బంది ఇలా ఉండేది. క్లిప్ ట్యూనర్ పెట్టి శ్రుతి చేస్తే ఆరు తీగలకీ పచ్చ లైటే. కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించే పట్లు, వాయిస్తేనే తేడా. జి హాయిగా ఉంటుంది, డి బాగుంటుంది. సి పట్టగానే చెవికి గుచ్చుకుంటుంది. ఏ మైనర్, ఇ మేజర్ కూడా అంతే. ఎఫ్ అయితే సగం తీగలు పలకవు, పలికినవి అపస్వరం. ఇ మేజర్ బాగుండాలని మూడో తీగ (అన్నిటికన్నా సన్నటిది ఒకటోది) కాస్త దించితే జి పాడైపోయేది. క్లాసులో అడిగితే "ప్రాక్టీస్ చెయ్యండి, వేళ్లు కాయలు కాస్తే అదే వస్తుంది" అన్నారు. వేళ్లు కాయలు కాశాయి. బొటనవేలు మెడ వెనక మధ్యలో పెట్టడం, వేలిని ఫ్రెట్‌కి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీకి) ఆనించి నొక్కడం, గోళ్లు కత్తిరించుకోవడం, అన్నీ చేశాను. సి మారలేదు. నా కోపమంతా ఆ ఒక్క జవాబు మీదే. వాయిద్యంలో ఉన్న లోపాన్ని నేర్చుకునేవాళ్ల వేళ్ల మీదికి నెట్టేస్తే, "నాకు సంగీతం రాదులే" అనుకుని గిటార్‌ని అటకెక్కించేసేవాళ్లు ఉంటారు. నేనూ దాదాపు అక్కడిదాకా వెళ్లాను.

అసలు సంగతి పట్టుకుంది మా అమ్మ. గిటార్ ఎప్పుడూ ముట్టుకోలేదు, వీణ వాయిస్తుంది. ఆవిడది బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన వీణ. సి కార్డ్‌లో ఒక్కో తీగా విడిగా మీటమంది. అయిదో తీగ మూడో ఫ్రెట్, రెండో తీగ మొదటి ఫ్రెట్, రెండూ సి స్వరమే, స్థాయి వేరు. "పై షడ్జమం ఎక్కువ పలుకుతోందే. కిందిదానితో కలవట్లేదు. మెట్టు కదిలిందేమో, మేళం కట్టించు" అంది. వీణకి 24 మెట్లూ మైనంలో కూర్చోబెడతారు కాబట్టి కదిలితే మళ్లీ సరిచేయించుకోవచ్చు, అదే మేళం కట్టించడం. గిటార్ ఫ్రెట్లు చెక్కలో దిగేసి ఉంటాయి, అలా కదలవు. అయినా ఆవిడ చెవి చెప్పింది నిజమే. ట్యూనర్ పెట్టి రెండో తీగని ఉత్తినే మీటితే ముల్లు నడిమధ్యన ఉంది. మొదటి ఫ్రెట్ నొక్కితే కుడివైపుకి జరిగింది. పన్నెండో ఫ్రెట్ నొక్కితే మళ్లీ నడిమధ్యకి వచ్చింది.

పన్నెండో ఫ్రెట్‌లో సరిగ్గా ఉండి మొదటిదాంట్లోనే ఎక్కువ పలుకుతోందంటే ముందు నట్‌ని అనుమానించాలి. అందులో గాడి సరిపడా లోతు కోయకపోతే తీగ మొదటి ఫ్రెట్‌కి బాగా పైన ఉండిపోతుంది. అంత కిందికి నొక్కితే తీగ సాగి, బిగువు పెరిగి, స్వరం పైకి పోతుంది. నట్ పక్కనే కాబట్టి తీగ అంత తేలిగ్గా వంగదు కూడా. ఎఫ్‌లో చూపుడువేలు ఆరు తీగల్నీ సరిగ్గా అక్కడే అదమాలి. జి, డి కార్డ్‌లకి మొదటి ఫ్రెట్‌తో పనే లేదు, అందుకే అవి బాగుండేవి.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మొదటి ఫ్రెట్‌కి కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి అదిమిపట్టే క్లిప్పు, బిగించి, శ్రుతి ఒకసారి చూసుకుని, అదే సి ఆకారం పట్టండి. తేలిగ్గా, శుభ్రంగా పలికితే మీ వేళ్లలో లోపం లేదు. ఇంకో పరీక్ష కూడా ఉంది. తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. పల్చటి కాగితమంత ఉంటే చాలు. నా గిటార్‌కి ఆ సందులో విజిటింగ్ కార్డు సులువుగా దూరింది.

రిపేర్ చేసే ఆయన ముందు మెడ వంపు చూశాడు. ఆరో తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ పెట్టెని కలిసేచోటా నొక్కి ఏడో ఫ్రెట్ పైన సందు గమనించాడు. బాగానే ఉందని ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) జోలికి పోలేదు. తీగ వదులు చేసి గాడిలోంచి పక్కకి తప్పించి, దాని మందానికి సరిపడే సన్నటి ఆకురాయితో రెండు మూడు సార్లు రాశాడు. మళ్లీ తీగ కూర్చోబెట్టి, శ్రుతి చేసి, మూడో ఫ్రెట్ నొక్కి మొదటిదాని మీద వేలితో తట్టి చూశాడు. 'టిక్' అని సన్నటి చప్పుడు రాగానే ఆపి పక్క తీగకి వెళ్లాడు. ఒక్క గీత ఎక్కువైతే ఉత్తినే మీటిన తీగ కూడా ఫ్రెట్‌కి తగిలి గరగరలాడుతుందట, అప్పుడు నట్ మార్చాల్సిందే. కాబట్టి ఇంట్లో మామూలు ఆకురాయితో ప్రయత్నించకండి. నాకైన ఖర్చు గిటార్ ధరలో పదోవంతు కూడా లేదు.

ఇంటికొచ్చి సి వాయిస్తే అమ్మ వంటింట్లోంచే "ఇప్పుడు కలిసింది" అంది. ఆ మాటకి ఎంత సంతోషించానో చెప్పలేను.

నేను అనుకోని లాభం స్ట్రమ్మింగ్‌లో, అంటే కుడిచేత్తో తీగలన్నీ కలిపి మీటడంలో, వచ్చింది. ఎడమచేతి పట్టు సడలగానే కుడి భుజం కూడా సడలింది. ఇదివరకు కార్డ్ మారినప్పుడల్లా కుడిచెయ్యి ఆగి ఎడమచేతి కోసం ఎదురుచూసేది. ఇప్పుడు మణికట్టు ఆది తాళంలా ఎనిమిది అక్షరాలకీ కిందికీ పైకీ ఆడుతూనే ఉంటుంది. అందరూ ముందు నేర్చుకునే 'డౌన్, డౌన్-అప్, అప్-డౌన్-అప్'లో రెండో అక్షరం, అయిదో అక్షరం దగ్గర పిక్ (మీటడానికి వాడే చిన్న పలక) తీగల్ని తాకదు, అంతే. చెయ్యి మాత్రం ఆగదు. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి ముందు తీగలన్నీ ఎడమచేత్తో మూసేసి ఉత్త చప్పుడుతో చేస్తే ఇది త్వరగా పట్టుబడుతుంది.

"గది నిండే శబ్దం" అని మొదట్లో తెగ మెచ్చుకున్నాను. నిండుతుంది, కానీ నెమ్మదిగా పాడుకునేటప్పుడు కింది స్థాయి పలికే లావు తీగలు గొంతుని మింగేస్తాయి. డి పట్టినప్పుడు అయిదు, ఆరు తీగల్ని వదిలేయకపోతే అంతా గజిబిజి. పెట్టె పెద్దది కావడంతో చాలాసేపు వాయిస్తే నా భుజం లాగుతుంది. నట్ దిగాక ఒక మిల్లీమీటరు పిక్‌తో గట్టిగా కొడితే ఆరో తీగ కాస్త గరగరమంటోంది కూడా. 0.60 పిక్‌కి మారాను, తీగల మందం 12 సైజు నుంచి సన్నటి 11కి దించాను. శబ్దం కొంత తగ్గింది, వేళ్లకి సుఖం. విశాఖ సముద్రపు గాలికి తీగలు త్వరగా నల్లబడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవక తప్పదు.

నేను సాయంత్రాలు ఇంట్లో పాడుకోవడానికే వాయిస్తాను కాబట్టి నాకిది సరిపోతుంది. స్టేజీ మీద వాయించాలనుకునేవాళ్లకీ, చిన్న చేతులున్న పిల్లలకీ ఇదే కొనమని చెప్పలేను. నట్ లాంటివి సరిచేసి గిటార్ సెటప్ చేసేవాళ్లు దగ్గర్లో లేని ఊళ్లో ఉంటే షాపులోనే కాపో అడిగి పుచ్చుకుని సి పట్టి చూడండి. కాపో ఉన్నప్పుడు బాగుండి తీసేస్తే చెడిందంటే, బిల్లు కట్టకముందే నట్ సరిచేసి ఇమ్మని అడగండి.