మార్చిలో బైకు యాత్ర: లడఖా, రాజస్థానా?

ఇసుక, కొండలు ఒకే యాత్రలో చూడాలని మహబూబ్‌నగర్‌లో చాయ్ తాగుతూ అనుకున్నాం.

లడఖ్‌లో హుందర్ ఇసుక తిన్నెల చుట్టూ మంచు కొండలే. కానీ మార్చిలో మనాలి–లేహ్ రోడ్డు మూసే ఉంటుంది. విమానంలో వెళ్లి బండి అద్దెకు తీసుకోవాలి. సొంత బండి లేని యాత్ర నాకు ఎక్కదు.

రాజస్థాన్‌కైతే బండిని రైలు పార్సిల్‌లో పంపొచ్చు, ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేసి. జైసల్మేర్ దగ్గర సమ్ తిన్నెలు చూసుకుని, మౌంట్ అబూలో 1,722 మీటర్ల గురుశిఖర్ ఎక్కొచ్చు. పగటి ఎండ మన పాలమూరోళ్లకు కొత్త కాదు. రాత్రి చలికే జాకెట్ కావాలి. ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలి, తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. అందుకని చేతిపంపు ఇప్పుడే కొన్నా. లడఖ్ జూలైకి.