పానగల్ ఛాయా సోమేశ్వరాలయం, బొడిపెకు ఒక అడుగు చొప్పున: ఆరేళ్ల వాడకం తర్వాత బొమ్మ ఇటుకలపై నా సమీక్ష

పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయాన్ని బొమ్మ ఇటుకలతో కట్టడం 2019 దసరా సెలవుల్లో మొదలుపెట్టాను. మా అమ్మాయి ఆడుకుని వదిలేసిన రెండు డబ్బాల లెగో ముక్కలతో మొదలైన ఆ పని, ఇప్పుడు నల్లగొండలోని మా ఇంటి ముందు గదిలో, నాలుగు పెద్ద పలకల మీద, దాదాపు నాలుగు వేల మూడు వందల ముక్కల ఆలయంగా నిలబడి ఉంది. మధ్యలో దాన్ని రెండుసార్లు పూర్తిగా విప్పి మళ్లీ కట్టాను. బొమ్మను చూసి పెట్టెలో ఇచ్చిన పుస్తకం ప్రకారం కట్టే సెట్టు గురించి కాదు ఈ సమీక్ష. నిజమైన కట్టడాన్ని టేపుతో కొలిచి, నక్షా గీసుకుని, ముక్కలు విడిగా సమకూర్చుకుని నమూనా కట్టాలనుకునేవారికి ఈ ఇటుకలు ఎంతవరకు పనికివస్తాయో, నా అనుభవం మేరకు చెప్పడానికే రాస్తున్నాను.

ముందు కొలతల సంగతి. లెగో ముక్క పైన గుండ్రంగా పొడుచుకొచ్చి ఉండేదే బొడిపె. ఒక బొడిపె నడుమ నుంచి పక్క బొడిపె నడుమకు దూరం 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, ప్లేట్ అనే పలుచని ముక్క ఎత్తు 3.2 మిల్లీమీటర్లు; అంటే మూడు ప్లేట్లు కలిస్తే ఒక ఇటుక ఎత్తు. పైన బొడిపె, లోపల గొట్టం ఉండే ఈ అమరికకు 1958లో పేటెంటు దరఖాస్తు చేశారు. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకతో నేటికీ బిగుసుకుంటుంది. ఈ అంకెలు కంఠస్థం అయ్యాక కొలబద్ద నిర్ణయించుకోవడం సులువు. నేను ఒక బొడిపెకు ఒక అడుగు అనుకున్నాను. లెక్క కడితే అది 1కి 38.1 నిష్పత్తి అవుతుంది. నాలుగు సెంటీమీటర్ల ఎత్తుండే లెగో మనిషి బొమ్మ ఈ లెక్కన సరిగ్గా ఐదడుగుల మనిషి. గుడి ముందు ఆ బొమ్మను నిలబెట్టి చూస్తే గడప ఎత్తు, ద్వారబంధం ఎత్తు తప్పాయో లేదో కన్ను వెంటనే పట్టేస్తుంది. ఎత్తుల విషయంలో మాత్రం కొంత ఇబ్బంది ఉంది: ఒక ప్లేట్ దాదాపు 4.8 అంగుళాలకు, ఒక ఇటుక 14.4 అంగుళాలకు సమానం కాబట్టి నక్షాలోని ఎత్తులు చాలావరకు నేరుగా కుదరవు. మొత్తం ఎత్తును ముందే ప్లేట్లలోకి మార్చుకుని, మిగిలిన తేడాను గుడి కింది పీఠమైన అధిష్ఠానంలోనో శిఖరంలోనో సర్దుకోవడమే నాకు కుదిరిన పద్ధతి.

ఈ గుడినే ఎంచుకోవడానికి మా ఊరి పక్కన ఉండటం ఒక్కటే కారణం కాదు. కుందూరు చోడుల కాలం నాటి, 11-12 శతాబ్దాల త్రికూటాలయం ఇది. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. స్తంభం మీద దూలం, దూలం మీద బండ, ఆపైన మెట్లు మెట్లుగా లోపలికి జరుగుతూ సన్నబడే శిఖరం. ఒకదాని మీద ఒకటి పేర్చడం తప్ప మరొకటి చేతకాని ఈ ఇటుకలకు ఇంతకంటే తగిన కట్టడం ఉండదని నా గట్టి అభిప్రాయం. శిఖరం కట్టేటప్పుడు ఒక్కో వరసను సగం బొడిపె లోపలికి జరుపుకుంటూ పోతే చాలు, పానగల్ శిఖరపు పోలిక దానంతటదే వస్తుంది. ఆ తర్వాత ఉత్సాహం కొద్దీ అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో ఒకదాని శిఖరానికి ప్రయత్నించాను. బాదామి చాళుక్యుల ఆ శిఖరాలు వంపు తిరిగి పైకి పోతాయి. వాలు ముక్కలతో ఎంత కుస్తీ పట్టినా ఆ వంపులోని సౌకుమార్యం రాలేదు, నాలుగు నెలల తర్వాత విప్పేశాను.

మొదటిసారి కట్టినప్పుడు గోడలన్నీ ఒకే పొడవు ముక్కలతో, అందంగా కనిపిస్తాయని, అతుకులు కలిసేలా పేర్చాను. ఏదో మరమ్మతు కోసం మా ఇంటికి వచ్చిన మేస్త్రీ ఒకాయన దాన్ని చాలాసేపు చూసి, ‘‘అతుకు మీద అతుకు పడ్డది సారూ, ఎట్ల నిలబడుతది?’’ అని అడిగారు. ఆయన అన్నట్టే, మండపం కప్పు బరువుకు రెండు నెలల్లో ఉత్తరపు గోడ నిలువునా చీలిక ఇచ్చింది. బొడిపెలు ఎంత బిగువుగా పట్టుకున్నా, పక్క ముక్కలను కలిపి పట్టే పై ముక్క లేకపోతే గోడ విడివిడి గుంజల వరసే అవుతుంది. నిజమైన ఇటుక పనిలో ఏ కూలీకైనా తెలిసిన నియమాన్ని బొమ్మ ఇటుకల దగ్గర నేను మరిచాను. రెండోసారి ప్రతి వరసనూ సగం ముక్క జరిపి, నాలుగు వరసలకు ఒకసారి పొడవాటి ప్లేట్లతో చుట్టూ పట్టీ వేశాను. ఆ గోడలు ఈనాటికీ కదల్లేదు.

ఇక ఈ నమూనాకు ప్రాణమైన విషయం, నీడ. పడమటి గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒకే చోట నిలిచే స్తంభపు నీడ వల్లనే ఆ గుడికి ఛాయా సోమేశ్వరం అన్న పేరు వచ్చింది. ఎండ నేరుగా లోపలికి పడదు. తెరుపుల గుండా వచ్చిన వెలుతురే మండపంలో చెదిరి లోపలికి చేరుతుంది. స్తంభాలు ఆ వెలుతురులో కొంత భాగాన్ని అడ్డుకుంటాయి. వెలుతురుకు మూలం తెరుపే కాబట్టి, సూర్యుడు కదిలినా నీడ చోటు మారదు. నాకు అర్థమైనంతలో ఇదీ దాని కిటుకు. నమూనాలో ఇది జరుగుతుందా లేదా అన్నది చూడటానికి తూర్పు గర్భగుడి వెనక గోడను ఊడదీసుకునేలా కట్టి, అక్కడ ఫోను నిలబెట్టి, ఎదురుగా ఉన్న పడమటి గోడను గంటకొకసారి ఫోటో తీశాను.

మొదట చీకటి గదిలో టార్చి వేసి చూశాను. నీడ నల్లగా, స్పష్టంగా పడింది. కానీ టార్చి కదిపినప్పుడల్లా అదీ కదిలింది. తర్వాత నమూనాను ఎండ నేరుగా పడని వరండాలో పెట్టాను. అప్పుడు గోడ మీద మెరుపు తప్ప ఏమీ కనిపించలేదు. ఫోటోలు చూసి మా అమ్మాయి, ‘‘నాన్నా, గోడ మెరుస్తుంది, అందుకే నీడ కనిపిస్తలేదు’’ అన్నది. నున్నటి ప్లాస్టిక్ గోడ గరుకైన రాతి గోడలా వెలుతురును వెదజల్లదు. వెనక గోడకు బూడిద రంగు చార్టు పేపరు ముక్క అంటించాక, ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా తీసిన ఫోటోలన్నింటిలోనూ పలుచని నీడ ఒకటి అదే చోట నిలిచింది. కాకపోతే లింగానికి ఒక పక్కకు జరిగి, అంచులు చెదిరి పడింది. కారణం స్తంభాలే. గుడిలో అవి ఉన్న చోటు నా బొడిపెల గళ్లలో పడదు. దగ్గరి బొడిపె మీదకు నేనే జరిపాను. మధ్యలో ఒక్క బొడిపె మాత్రమే ఉండే జంపర్ ప్లేట్లు వేసి తూర్పు వైపు రెండు స్తంభాలనూ సగం బొడిపె, అంటే నమూనాలో 4 మిల్లీమీటర్లు, గుడి లెక్కన ఆరంగుళాలు జరిపాను. మరునాటి ఫోటోల్లో నీడ లింగం వెనక నడిమికి వచ్చింది. ఆ రోజు సాయంత్రం మళ్లీ పానగల్ వెళ్లి, ఆ గర్భగుడి ముందు చాలాసేపు నిలబడి, ఆ స్తంభాలను నిలబెట్టిన శిల్పులు ఎంత లెక్క చూసుకున్నారోనని ఆలోచించాను. నా ప్రయోగం దేన్నీ రుజువు చేయదు. అయినా స్తంభం ఆరంగుళాలు అటూ ఇటూ అయితే ఏమవుతుందో కళ్లతో చూడగలగడం ఈ ఇటుకల వల్లనే సాధ్యమైంది. అట్టతోనో థర్మాకోల్‌తోనో కట్టి ఉంటే స్తంభం కోసి మళ్లీ అంటించాల్సి వచ్చేది.

ఖర్చు విషయంలో ఓర్పు కావాలి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కొత్త సెట్టు కొని విప్పి వాడుకుంటే నాకు ముక్కకు పది రూపాయలకు తక్కువ పడలేదు. అందువల్ల మొదట్లో చౌక రకం ముక్కలు ఒక కిలో తెప్పించాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పెట్టిన రోజు బాగానే బిగిశాయి. రెండు ఎండాకాలాలు గడిచేసరికి కొన్ని వదులయ్యాయి, కొన్ని గొట్టం దగ్గర పగిలాయి. కనిపించని పునాది పూడికకు తప్ప అవి పనికిరాలేదు. పాత ముక్కలు కొనేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. లెగో బూడిద రంగు 2004లో మారింది. అంతకుముందుది కాస్త పసుపు ఛాయ, తర్వాతది నీలి ఛాయ. ఇది తెలియక నేను తీసుకున్న ఒక పాత మూటలో రెండూ కలిసి వచ్చాయి. అమ్మినాయనను అడిగితే బూడిద బూడిదే కదా అన్నారు. గోడ మీద మాత్రం అతుకు వేసిన చొక్కాలా కనిపించింది. చివరకు ఆ పాత ఛాయ ముక్కలన్నీ ఏరి అధిష్ఠానంలో కింది వరసలకు వాడాను. అక్కడ అవి వానకు నానిన రాయిలా కుదిరాయి.

2022లో ఇల్లు మారాం. నాలుగు పలకల గుడిని ఆటోలో పెట్టి తీసుకుపోవడం జరిగే పని కాదు. శ్రీశైలం జలాశయపు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కాపాడటానికి, దాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టిన సంగతి పాలమూరు వైపు అందరికీ తెలిసిందే. నేనూ ఆ దారే పట్టాను. ఒక్కో వరసను పై నుంచి ఫోటో తీసి, ఊడదీసి, వరస సంఖ్య రాసిన కవర్లో వేశాను. మొత్తం అరవై రెండు కవర్లు అయ్యాయి. విప్పడానికి మూడు రాత్రులు, కట్టడానికి పదకొండు రోజులు పట్టింది. మిగిలిపోయిన ముక్క ఒక్కటీ లేదు. విప్పి మళ్లీ కట్టినా బిగువు తగ్గకపోవడం ఈ ఇటుకల్లో నేను అన్నింటికంటే ఎక్కువగా మెచ్చుకునే గుణం.

నిర్వహణ పెద్ద కష్టం కాదు గానీ, మన దుమ్ముకు వారం వారం మెత్తటి పెయింటింగ్ బ్రష్ ఆడించాల్సిందే. బొడిపెల మధ్య పేరుకున్న దుమ్మును ఏడాదికొకసారి కడగాలి. నీళ్లు 40 డిగ్రీల వేడి దాటకూడదు. మే నెల మధ్యాహ్నం మా డాబా మీది ట్యాంకు నీళ్లు అంతకంటే వేడిగా వస్తాయి కాబట్టి కడగడం తెల్లవారుజామునే పెట్టుకుంటాను. కిటికీ ఎండ రోజూ తగిలే చోట తెల్ల ముక్కలు రెండేళ్లలో పసుపెక్కాయి.

ఈ ఇటుకలకు చేతకానిది శిల్పం. పానగల్ గుళ్లలో స్తంభాల మీద, గోడల మీద ఉన్న చెక్కడాన్ని 8 మిల్లీమీటర్ల గళ్లలో పట్టడం అసాధ్యం. చిన్న గుండ్రటి ప్లేట్లు, పక్కకు తిప్పిన టైళ్లతో (బొడిపెలు లేని నున్నటి ముక్కలు) స్తంభానికి నలుపలకల దిమ్మె, గుండ్రటి మెడ ఉన్నాయన్న సూచన మాత్రమే ఇవ్వగలిగాను. పక్కనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయాన్ని నేను తలపెట్టకపోవడానికి కారణం అదే. దాని గోడల మీది బొమ్మలు తీసేస్తే అందులో నేను ప్రేమించేది మిగలదు. శిల్పమే ప్రధానమైన కట్టడం కావాలంటే బంకమట్టి వైపు వెళ్లండి. స్తంభాలు, దూలాలు, మెట్ల శిఖరాలు, కోట బురుజుల మెట్లు, వెలుతురు వచ్చే తెరుపులు మీకు ముఖ్యమైతే ఇవి నిస్సంకోచంగా తీసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవారు బూడిద రంగు ప్లేట్లు, జంపర్ ప్లేట్లు అనుకున్నదానికి రెట్టింపు తెప్పించుకోవాలి. మండపం కప్పు కింద నున్నటి టైళ్లు పరిచి, బిగించకుండా ఊరకే ఆనించాలి. నేనూ అలాగే చేశాను. చుట్టుపక్కల పిల్లలు వస్తే కప్పు ఎత్తి పక్కన పెట్టి స్తంభాలు చూపిస్తాను, మళ్లీ కప్పు పెట్టి నీడ చూపిస్తాను.