ఐపీసుల శుభ్రతకు బ్లోయర్, లెన్స్‌పెన్, ఆల్కహాల్: కొన్నేళ్లు వాడాక

హైదరాబాదులో డాబా మీద టెలిస్కోపు పెట్టుకునేవారికి దుమ్మే మొదటి బెడద. గ్రానైట్ నేల మీద కట్టిన ఊరు కావడంతో ఏదో ఒక వీధిలో బండ కొట్టడమో, పునాది తవ్వడమో జరుగుతూనే ఉంటుంది. ఆ పొడిలోని క్వార్ట్జ్ గాజుకంటే గట్టిది కాబట్టి, దుమ్ము పట్టిన లెన్సును బట్టతో తుడిస్తే దాని మీద వెలుగు ప్రతిఫలించకుండా వేసిన మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత గీతలు పడుతుంది.

అందుకే నా సామగ్రిలో ఎక్కువ మార్కులు అన్నింటికన్నా చవకైన, చేత్తో నొక్కి గాలి కొట్టే రబ్బరు బ్లోయర్‌కే వేస్తాను. ఐపీసును, అంటే టెలిస్కోపులో కన్ను ఆనించి చూసే లెన్సుల గొట్టాన్ని, బోర్లా పట్టుకుని ఏటవాలుగా గాలి కొడితే రాలవలసినదంతా చాలావరకు రాలిపోతుంది. మిగిలిన ఒకటి రెండు నలుసులు చూపుకు అడ్డురావు, వాటి జోలికి పోనవసరం లేదు. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. ఒత్తిడితో నింపి అమ్మే గాలి డబ్బాను వంచి కొడితే అందులోని ద్రవం చిమ్మి గాజు మీద మచ్చ కడుతుంది.

కనురెప్పల వెంట్రుకల జిడ్డు మాత్రం గాలికి పోదు. గురుగ్రహం చుట్టూ మసక వెలుగు పరుచుకుంటే నేను ముందుగా కంటివైపు లెన్సునే అనుమానిస్తాను. కార్బన్ పొడి అద్దిన కొన ఉన్న లెన్స్‌పెన్ ఆ పలుచని జిడ్డును చక్కగా తీస్తుంది, అయితే బ్లోయర్ కొట్టకుండా దాన్ని వాడితే గరుకు కాగితంతో రుద్దినట్టే. పైగా కొన పాతబడ్డాక మరకను తీయదు, పులుముతుంది.

మొండి మరకకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో కలిపే ఇతర పదార్థాలు ఆరాక చారలు మిగులుస్తాయి. దూదిని కొద్దిగా తడిపి, బరువు వేయకుండా, నడుమనుంచి అంచుకు తిప్పుతూ ఒక్కసారి తుడిచి, ఆ దూదిని పారేయాలి. ద్రవాన్ని నేరుగా లెన్సు మీద వేస్తే అంచు సందులోంచి లోపలి గాజుల మధ్యకు దిగుతుంది, ఆపైన ఐపీసును విప్పితే తప్ప దారి ఉండదు. కిట్‌తో వచ్చిన మైక్రోఫైబర్ బట్టను నేను బయటి లోహపు గొట్టానికే పరిమితం చేశాను.

వానాకాలపు బూజుకు ఇవేవీ విరుగుడు కావు, అది పూతను తినేశాక తుడిచి లాభం లేదు. మంచు పట్టిన ఐపీసును పూర్తిగా ఆరాకే మూతపెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న బిగుతైన డబ్బాలో పెట్టాలి. ఇక లెన్సుకు బదులు అద్దంతో వెలుగును పోగుచేసే న్యూటోనియన్ టెలిస్కోపు ప్రధాన దర్పణం మీది అల్యూమినియం పూత లెన్సు పూతకన్నా సున్నితమైనది కనుక, లెన్స్‌పెన్‌ను దాని దరిదాపులకు కూడా పోనివ్వను.