టీడీఎస్ మీటర్: చాలాకాలం వాడాక నా సమీక్ష

పెన్ను సైజులో ఉండే ఈ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ మా ఇంట్లో కొన్నేళ్లుగా ఉంది. ఖరీదు కొన్ని వందల రూపాయలే. నీళ్లలో ముంచితే క్షణాల్లో ఓ అంకె చూపిస్తుంది. ఇంటింటికీ తిరిగి వాటర్ ఫిల్టర్లు అమ్మేవాళ్లు ఆ అంకె చూపించి జనాన్ని భయపెడతారు. ఆ భయం పోగొట్టడానికే నేను దీన్ని ఎక్కువగా వాడాను.

నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, దాన్నిబట్టి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో ఇది లెక్కగట్టి చెబుతుంది. అంతకుమించి దీనికేమీ తెలియదు. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల పంచదార కలపండి, అంకె పెరగదు. చిటికెడు ఉప్పు వేస్తే ఒక్కసారిగా ఎగబాకుతుంది. మా విశాఖ ఆర్కే బీచ్‌లో కొట్టించుకునే కొబ్బరి నీళ్లలో పెడితే వేలల్లో చూపిస్తుంది. వాటిలో పొటాషియం వంటి లవణాలు అంత ఎక్కువ. అంకె పెద్దదైతే విషమేనన్న మాట తప్పని అక్కడే తేలిపోతుంది.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఫరవాలేదు. ఎంవీపీ కాలనీలో మాకొచ్చే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు నేను చూసినప్పుడల్లా 500 కన్నా బాగా తక్కువే ఉన్నాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒకటి రెండు బోర్లలో మాత్రం వెయ్యి దాటింది. అలాంటి చోట లవణాలను తగ్గించే ఆర్‌ఓ ఫిల్టర్ పెట్టుకోమని నేనే చెప్పాను.

నాకు కోపం తెప్పించేది ఫిల్టర్లు అమ్మేవాళ్లు నీళ్లలోకి కరెంటు పంపి చూపించే ఎలక్ట్రోలైజర్ డెమో. మా అపార్టుమెంటులో ఒక పెద్దావిడ ఇంట్లో ఒకడు అది చేస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. ఒక గ్లాసులో కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో ఫిల్టర్ నీళ్లు పోసి, కడ్డీలు ముంచి స్విచ్ వేశాడు. కాసేపటికే కుళాయి నీళ్లు తుప్పు రంగుకు తిరిగి తెట్టు కట్టాయి. "చూశారా అమ్మా, మీరు రోజూ తాగేది ఇదే" అన్నాడు. మనవడికి ఇన్నాళ్లూ ఇవే పట్టానే అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఆ మురికి నీళ్లలోది కాదు, కడ్డీలోది. కుళాయి నీళ్లలో లవణాలుంటాయి కాబట్టి కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఫిల్టర్ నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు పెద్దగా పారదు, అందుకే తేటగా ఉంటాయి. "పిన్నిగారూ, కంగారు పడకండి" అని ఆ ఫిల్టర్ నీళ్లలోనే కొంచెం ఉప్పు కలిపి మళ్లీ స్విచ్ వేయమన్నాను. అవీ అదే రంగుకు తిరిగాయి. అప్పుడు గానీ ఆవిడ టెన్షన్ తగ్గలేదు. ముసలివాళ్లను ఇలా ఏడిపించి అమ్మడం అన్యాయం.

అలాగని అంకె చిన్నగా ఉంటే నీళ్లు మంచివని ధీమా పడకూడదు. ఇదే ఈ మీటర్‌కున్న పెద్ద పరిమితి. విరేచనాలు తెప్పించే సూక్ష్మక్రిములు దీనికి కనిపించవు. ఆర్సెనిక్, సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదంటుంది ప్రమాణం. ఈ మీటర్ లెక్కపెట్టేది ఒకటి, రెండు, మూడు మిల్లీగ్రాములుగా, కాబట్టి అంత చిన్న మోతాదు దీనికి ఆనదు. పురుగుమందులూ అంతే. వానాకాలంలో పైపులు లీకై మురుగు కలిసినా అంకె మారకపోవచ్చు. అందుకే మా ఇంట్లో ఆ రోజుల్లో నీళ్లు తెర్లేదాకా మరిగించే తాగుతాం. అనుమానం గట్టిగా ఉంటే ల్యాబ్‌కు పంపాలి.

ఇక వస్తువు సంగతి. వాడాక మంచినీళ్లతో కడిగి తుడవాలి, లేకపోతే మొనల మీద తెల్లటి పొర కడుతుంది. 342 పీపీఎం (లీటరుకు సుమారు అన్ని మిల్లీగ్రాములు) ద్రావణం తెచ్చుకుని, మీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి. బటన్ బ్యాటరీ మూత నాసిరకం, నాది వదులైపోయింది. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. బోరు నీళ్లు తాగేవాళ్లు తప్పకుండా కొనండి. కుళాయి నీళ్లు మాత్రమే వాడేవాళ్లకు అపార్టుమెంటుకు ఒకటి ఉంటే సరిపోతుంది.