క్లచ్ బ్లీడింగ్‌కు ప్రెషర్ బ్లీడర్: కొన్నేళ్లు వాడాక

ఫ్లూయిడ్ (ద్రవం) ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్‌లో చేరిన గాలిని తీయడానికి, అంటే బ్లీడింగ్‌కు, రాణిగంజ్‌లో కొన్న ప్రెషర్ బ్లీడర్‌ను కొన్నేళ్లుగా మా కారుకు వాడుతున్నాను. పెడల్ తొక్కడానికి రెండో మనిషి అక్కర లేకపోవడమే దీని ప్రధాన సౌకర్యం. పెట్టిన డబ్బుకు ఇది న్యాయం చేసింది, అయితే క్లచ్‌కు వచ్చే ప్రతి జబ్బుకూ దీన్నే మందుగా భావించేవారికి మాత్రం నిరాశ తప్పదు.

దీని ఏర్పాటు చాలా సరళం. సీసాలో కొత్త ఫ్లూయిడ్ పోసి, ఒక గొట్టాన్ని స్పేర్ టైరు వాల్వుకు, రెండో గొట్టాన్ని క్లచ్ ఫ్లూయిడ్ నిల్వ ఉండే రిజర్వాయరు మూతకు తగిలిస్తే, టైరులోని గాలి ఫ్లూయిడ్‌ను కిందికి నెడుతుంది. టైరులో గాలిని ముందే 20 పీఎస్ఐ కంటే తక్కువకు దించాలి. ఫ్లూయిడ్ పోయకముందు ఒట్టి గాలితో మూత బిగువును పరీక్షించుకోవడం మరీ ముఖ్యం, ఎందుకంటే ఈ పనిముట్టులో బలహీనమైన భాగం ఆ మూత వాషరే. అక్కడ కారిన డాట్ 4 రకం ఫ్లూయిడ్ పెయింటును తినేస్తుంది కాబట్టి వెంటనే నీళ్లతో కడగాలి.

ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు నిపుల్ (గాలిని, ఫ్లూయిడ్‌ను బయటికి వదిలే చిన్న మర) తెరిచి మూసే పెడల్ పద్ధతిలో, కాలు తీసేలోగా దాన్ని మూయకపోతే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఇక్కడ ఒత్తిడి నిలకడగా ఉంటుంది కాబట్టి, క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ నిపుల్‌ను పానాతో కొద్దిగా వదులు చేసి, పారదర్శకమైన గొట్టంలో బుడగలు ఆగేదాకా చూస్తూ కూర్చోవడమే మన పని. రిజర్వాయరు ఎండిపోతుందన్న బెంగ కూడా తక్కువే, సీసాలో ఫ్లూయిడ్ ఉన్నంతసేపు.

ఇది తడబడే చోటు ఒకటుంది. పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చే పైపు మధ్యలో పైకి వంగి మళ్లీ కిందికి దిగే కార్లలో, ఆ వంపులో నిలిచిన బుడగను నెమ్మదైన ప్రవాహం లాక్కురాలేదు. గాలి గుణం పైకి పోవడం కాబట్టి, అలాంటప్పుడు నిపుల్ దగ్గర సిరంజి తగిలించి కింది నుంచి పైకి ఫ్లూయిడ్ ఎక్కించడమే మేలు. ముందుగా రిజర్వాయరులోంచి కొంత తోడేయకపోతే అది పొంగుతుంది. ఇంత చవకైన సిరంజి ఒక్కోసారి నా ఖరీదైన సీసాను ఓడించిందని ఒప్పుకోవాలి.

గాలి పూర్తిగా పోయాక కూడా రివర్స్ గేరు కర్రుమంటుంటే పెడల్ సర్దుబాటు చూడాలి. క్లచ్ ప్లేటు అరుగుదలను హైడ్రాలిక్ వ్యవస్థ తనంతట తానే సర్దుకుంటుంది గాని, పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్యనున్న పుష్‌రాడ్ పొడవును, అందుకు వీలున్న కార్లలో, మనమే సరిచూడాలి. ఫ్రీ ప్లే (పుష్‌రాడ్ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను తాకేలోగా పెడల్ ఖాళీగా కదిలే దూరం) మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడదు. అసలే లేకుండా బిగిస్తే, పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఫ్లూయిడ్ రిజర్వాయరుకు తిరిగి వెళ్లే రంధ్రం మూతపడి ఉంటుంది. మే నెల ఎండలో మెహిదీపట్నం రద్దీలో బండి పాకుతున్నప్పుడు వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్‌కు దారి లేక, పెడల్ మీద కాలు లేకపోయినా క్లచ్ జారడం మొదలవుతుంది. కాబట్టి పుష్‌రాడ్ పొడవు మారకుండా పట్టి ఉంచే లాక్‌నట్ వదులు చేసే ముందు కారు మాన్యువల్‌లోని కొలత చూసుకోవాలి.

ప్లేటు అరిగేకొద్దీ స్లేవ్ పిస్టన్ వెనక్కి జరుగుతుంది కాబట్టి, క్లచ్‌కు విడిగా ఉన్న రిజర్వాయరులో మట్టం కొద్దిగా పెరగాలే తప్ప తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అలాంటప్పుడు బ్లీడర్ బయటికి తీయకముందు పెడల్ పైనున్న పుష్‌రాడ్ రబ్బరునూ, స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగునూ వేలితో తడిమి చూడండి. తడి తగిలితే సీళ్లు మార్చేదాకా ఎంత ఫ్లూయిడ్ పోసినా దండగే.