డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సర్దుకోవడం: జెరాక్స్ షాపులో నాలుగేళ్ల అనుభవం

2022 సంక్రాంతికి ముందు వారం. ఒక పెద్దావిడ ఆధార్ ప్రింట్ కోసం మా షాపుకి వచ్చారు. ఫైలు దిగింది. ఫోల్డర్ తెరిచి, ఆవిడదే అనుకుని ఒకదాని మీద నొక్కాను. తెర మీదకొచ్చింది వాళ్ల పక్కింటివాళ్ల బంగారం లోను కాగితం. మానిటరు కస్టమర్లకి కూడా కనపడేలా పెట్టుకున్నాం కాబట్టి ఆవిడా చదివేశారు. "అయ్యో, గొలుసు బ్యాంకులో పెట్టేశారా?" అన్నారు. సాయంత్రానికి ఆ మాట వీధంతా తిరిగింది. మర్నాడు ఆ పక్కింటాయన వచ్చి, "మీ దగ్గర కాగితం తీయించుకుంటే ఇంతేనా అమ్మా?" అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది కోనసీమలో పి.గన్నవరం. జెరాక్స్, నెట్, లామినేషన్, శుభలేఖలు అన్నీ ఒకే గదిలో. గోదావరి పాయల మధ్య లంక గ్రామాల నుంచి పడవ దాటి వచ్చేవాళ్లు, గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు, పరీక్షల పిల్లలు, వన్‌బీ, అడంగల్ లాంటి భూమి కాగితాల కోసం వచ్చే రైతులు, అందరి కాగితాలూ నా కంప్యూటరులోనే దిగుతాయి. దిగినవి దిగినట్టే ఉండిపోయేవి. 2016లో షాపు పెట్టినప్పటి నుంచి ఆ ఫోల్డర్‌ని నేను ఒక్కసారి కూడా ఖాళీ చేయలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా దాన్ని శుభ్రంగా ఉంచడానికి ఏమేం వాడానో, ఏది నిలబడిందో, ఏది నిలబడలేదో ఇక్కడ రాస్తున్నాను.

మొదట విజ్‌ట్రీ పెట్టి చూశాను. ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చూపించే సాఫ్ట్‌వేర్ అది, సొంత వాడకానికి ఉచితం. విండోస్ తన ఫైళ్ల పట్టికను ఒకచోట రాసిపెట్టుకుంటుంది, ఇది ఆ పట్టికనే నేరుగా చదువుతుంది. అందుకే డ్రైవు మొత్తం లెక్క క్షణాల్లో చెప్పేస్తుంది. నా డౌన్‌లోడ్స్‌లో 41 జీబీ, 23 వేల పైచిలుకు ఫైళ్లు ఉన్నాయి. ప్రింటర్ డ్రైవర్లు, వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి వీడియోలు, ఎప్పుడో ఎవరికోసమో దింపిన సినిమా, ఇవన్నీ తీసేస్తే ముప్పావు వంతుకి పైగా చోటు ఖాళీ అయింది. అరగంట పని. పెద్ద సంతోషంగా అనిపించింది.

కానీ నా ఇబ్బంది చోటు కాదు. మిగిలిన పీడీఎఫ్‌లు, స్కాన్లు అన్నీ కలిపినా ఆరు జీబీ లేవు. విజ్‌ట్రీ తెర మీద అవి కంటికి ఆనని చుక్కలు. నన్ను తలదించుకునేలా చేసింది మాత్రం ఆ చుక్కల్లో ఒకటి. చోటు కొలిచే సాఫ్ట్‌వేర్ పెద్ద ఫైలునే పట్టుకుంటుంది. ఒక మనిషి పాన్ కార్డు 200 కేబీ కూడా ఉండదు. డిస్కు నిండిపోతోందని బాధపడేవాళ్లకి విజ్‌ట్రీ చాలా మంచిది, ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు తెరుస్తాను. మాలాంటి షాపు అసలు సమస్యకి అది సరిపోదు.

తర్వాత విండోస్‌లోనే ఉన్న స్టోరేజ్ సెన్స్ ఆన్ చేశాను. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ కింద ఉంటుంది. వేరే ఏదీ దింపుకోనక్కర్లేదు. అందులో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కి ఒక గడువు పెట్టుకోవచ్చు: 1 రోజు, 14 రోజులు, 30 రోజులు, 60 రోజులు. అన్ని రోజులు తెరవకుండా ఉన్న ఫైలును అదే తీసేస్తుంది. మనం మార్చకపోతే 'ఎప్పుడూ వద్దు' అనే ఉంటుంది, కాబట్టి కంప్యూటరు కొన్నంత మాత్రాన ఇది జరుగుతుందని అనుకోకండి. ఎప్పుడెప్పుడు పనిచేయాలో కూడా మనమే చెప్పాలి. ఊరికే వదిలేస్తే డిస్కులో చోటు తగ్గినప్పుడే కదులుతుంది. నేను 'ప్రతి రోజూ' పెట్టుకున్నాను.

గడువు మొదట 14 రోజులు పెట్టాను. రెండు నెలలు ఏ చింతా లేదు. పెళ్లిళ్ల సీజను మొదలయ్యాక తెలిసింది. ఒకరి శుభలేఖ, ప్రూఫ్ చూపించి సరే అనిపించుకున్నది, డౌన్‌లోడ్స్‌లోనే ఉంచేశాను. వాళ్లింట్లో ఎవరో పోయి మైల వచ్చింది, ముహూర్తం వెనక్కి జరిగింది. మూడు వారాల తర్వాత తేదీ మార్చి వెయ్యమని వచ్చారు. ఫైలు లేదు. రీసైకిల్ బిన్‌లో కూడా దొరకలేదు. ఆహ్వానించువారి పేర్లే రెండు పేజీలు, వాటిలో ఒక్క గారూ తగ్గకూడదు. రాత్రంతా కూర్చుని మళ్లీ టైపు చేశాను. తప్పు నాదే. పోయే ఫోల్డర్‌లో ఉండాల్సిన పనిని పెట్టుకున్నాను.

స్టోరేజ్ సెన్స్‌కి ఇది పీడీఎఫ్, ఇది శుభలేఖ, ఇది నా పని, ఇది కస్టమర్ది అన్న తేడా చెప్పే వీలు లేదు. రోజుల లెక్క ఒక్కటే. అందులో ఫైలు రకాన్ని బట్టి ఎంచుకునే వీలుంటే నాకు సగం పని తగ్గేది. మరో సంగతి, అది విండోస్ ఉన్న డ్రైవునే చూస్తుంది, అంటే సాధారణంగా సీ డ్రైవు. డీ డ్రైవును, పెన్‌డ్రైవును ముట్టుకోదు. దీన్ని చాలామంది లోపం అంటారు. నాకు మాత్రం అదే ఆధారమైంది. సీ అంటే సంత అరుగు, సాయంత్రానికి ఊడ్చేసేది. డీ అంటే ఇంటి బీరువా. ఈ విడదీత కుదిరాక గడువును ధైర్యంగా ఒక్క రోజుకి తగ్గించాను. మూడేళ్లు దాటింది, మళ్లీ ఏదీ పోలేదు.

డీ డ్రైవులో ఫోల్డర్లు ఎలా పెట్టాలన్నది నాకు రెండుసార్లు తప్పింది. మొదట ఊరికొక ఫోల్డర్ పెట్టాను, అందులో పనికొకటి. నలభై దాకా అయ్యాయి. కౌంటరు దగ్గర నలుగురు నిలబడి "ఆయ్, త్వరగా ఇచ్చేయండి, బస్సు వచ్చేస్తుంది" అంటుంటే ఆ నలభైలో సరైనదాన్ని వెతుక్కుని ఎవరు వేస్తారు? మళ్లీ అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే పడ్డాయి. ఇప్పుడు మూడే ఉన్నాయి. 'ఆర్డర్లు', 'ఖాళీ ఫారాలు', 'షాపు సొంతం'. అంతకు మించి నాలుగోది పెట్టనని గట్టిగా అనుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఏ సాఫ్ట్‌వేరూ కాదు, క్రోమ్‌లో ఒక మీట. సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కింద, ప్రతి ఫైలునీ ఎక్కడ సేవ్ చేయాలో ముందే అడగమని ఒక ఎంపిక ఉంది. అది ఆన్ చేస్తే ఫైలు దిగే ముందు పెట్టె తెరుచుకుని పేరు, చోటు అడుగుతుంది. మొదటి వారం విసుగొచ్చింది, ప్రతిదానికీ ఆగాలి. కానీ ఆ ఆగే రెండు సెకన్లలోనే పేరు మార్చేయొచ్చు. ఇంటిపేరు, ఊరు, పని, తేదీ. తేదీలో ముందు ఏడాది, తర్వాత నెల, ఆ తర్వాత రోజు రాస్తాను. అలా రాస్తే పేర్ల వరసలో పెట్టినా ఒకరి ఒకే పని కాగితాలు కాలం వరసలోనే వస్తాయి. పేరు తెలుగులో రాసినా విండోస్ ఒప్పుకుంటుంది, కానీ దరఖాస్తుల్లో అప్‌లోడ్ చేసేటప్పుడు కొన్ని వెబ్‌సైట్లు తెలుగు పేరున్న ఫైలును తీసుకోవడం లేదు. అందుకని అప్‌లోడ్ చేయాల్సినవాటికి ఇంగ్లీషు అక్షరాలే వాడతాను. పేరు చివర బ్రాకెట్లో ఒకటి, రెండు, ఏడు అని వచ్చే ఫైళ్లు ఆ తర్వాత దాదాపు కనపడలేదు. ఆ రోజు నేను తప్పు కాగితం తెరిచింది ఆ అంకెల వల్లే.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. క్రోమ్‌లో డౌన్‌లోడ్ల చిట్టా నుంచి ఒక పేరు తీసేస్తే ఫైలు పోయిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మా దగ్గరికి వచ్చే చదువుకున్న పిల్లలు కూడా అలాగే చేసి "తీసేశానక్కా" అంటారు. చిట్టాలో పేరు మాత్రమే పోతుంది, ఫైలు ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది. వాట్సాప్ వెబ్ కూడా అంతే, లాగౌట్ అయినా దింపిన ఫొటోలు ఎక్కడికీ పోవు.

వెతకడానికి వాయిడ్‌టూల్స్ వాళ్ల ఎవ్రీథింగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఇది ఉచితం. అక్షరం కొట్టడం ఆలస్యం, డ్రైవు మొత్తంలో ఆ పేరున్నవన్నీ కళ్లముందు పెడుతుంది. సైజు ఇంతకు మించినవి, ఈ రోజు మారినవి, ఫలానా రకం ఫైళ్లు అని కూడా అడగొచ్చు. మాకు అసలు ఉపయోగం వాట్సాప్ ఫొటోల దగ్గర. కంప్యూటరులో దింపిన వాట్సాప్ ఫొటో పేరులోనే తేదీ, గంట, నిమిషం ఉంటాయి. "పొద్దున్న పదకొండింటికి పంపానండి" అని ఎవరైనా అంటే ఆ గంట కొట్టి చూస్తే చాలు. ఫైలు లోపలి రాతను కాకుండా పేరును వెతకడమే దాని బలం. అందుకని పేర్లు సరిగ్గా పెట్టనివాళ్లకి అది పెద్దగా సాయపడదు.

ఒకేలాంటివి ఏరడానికి డూప్‌గురు ఒకసారి వాడాను. ఖాళీ ఫారాలు ఒక్కొక్కటి ముప్పై కాపీలు దొరికాయి, అవి తీసేయడానికి బాగుంది. ఫొటోల పద్ధతిలో మాత్రం దగ్గరి పోలికలున్నవాటిని కూడా ఒక గుంపుగా చూపిస్తుంది, చూడకుండా తీసేస్తే ప్రమాదం. రోజూ ఊడుస్తున్నాక దాని అవసరం మళ్లీ రాలేదు.

అన్నీ తీసేయడమే మంచిదని అప్పట్లో గట్టిగా నమ్మాను. 2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. లంకలన్నీ మునిగాయి. నీళ్లు తీశాక ఒక బాబాయ్ గారు వచ్చారు. ఇల్లు నడుముదాకా మునిగింది, ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ ముద్దయ్యాయి. "పోయినేడు నీ దగ్గరే అమ్మా మా నాన్న దస్తావేజు స్కాన్ తీయించింది. నీ దగ్గర ఉంటుందిలే అని ధైర్యంగా ఉన్నాను" అన్నారు. సంక్రాంతి తర్వాత నేను మొదటిసారి ఫోల్డర్ ఊడ్చినప్పుడే అది పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన వెళ్లాక చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేకపోయాను.

అప్పటి నుంచి రెండు రకాలుగా చూస్తున్నాను. ఆధార్, వన్‌బీ లాంటివి ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ దిగుతాయి. వాటిని ఒక్క రోజు కూడా నా దగ్గర ఉంచుకోవాల్సిన పని లేదు. ఇంటర్నెట్ సెంటర్లలో ఆధార్ దింపితే ఆ కాపీని అక్కడి నుంచి పూర్తిగా తీసేయాలని ఆధార్ సంస్థే చెబుతుంది. పాత దస్తావేజు, చనిపోయినవాళ్ల ఫొటో, చేతిరాత వీలునామా, ఇవి పోతే మళ్లీ అంత తేలిగ్గా దొరకవు. అవి స్కాన్ చేసినప్పుడు కస్టమర్ కదలకముందే అడుగుతాను, మీ అబ్బాయి ఫోనుకి పంపనా, పెన్‌డ్రైవులో వేయనా అని. ఫోనున్నవాళ్లకి, కాగితాలు ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ డిజిలాకర్‌లో ఖాతా తెరిచి ఇస్తాను, దానికి డబ్బులు తీసుకోను. ఏదీ కుదరకపోతే వాళ్లని అడిగి, వాళ్లు సరే అంటేనే 'ఆర్డర్లు' ఫోల్డర్‌లో పేరు పెట్టి ఉంచుతాను. ఇప్పుడక్కడ అలాంటివి పంతొమ్మిది ఉన్నాయి. మరో చోట కూడా కాపీ ఉండాలి కదా, అందుకని నెలకోసారి బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించి బీరువా పై అరలో పెడుతున్నాను. మాకు పై అర అంటే వరదకి అందని అర.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ సపోర్టు ఆగిపోతుందని ఆ ముందు నెలలో కొత్త కంప్యూటరు కొన్నాం. పాతది కొనుక్కుంటానని ఒకాయన వచ్చారు. పాత హార్డ్ డిస్కులో ఫైలు డిలీట్ చేస్తే దాని చిరునామా చెరిగిపోతుంది గానీ, ఆ చోట వేరేది రాసేదాకా లోపలి సమాచారం ఉంటుంది, తెలిసినవాళ్లు బయటికి తీయగలరు. ఖాళీ చోటు మీద మళ్లీ రాయడానికి విండోస్‌లో సైఫర్ అనే కమాండ్ ఉంది. అది నడిపాను, చాలా గంటలు పట్టింది. అయినా మనసు ఒప్పుకోక డిస్కు ఊడదీసి నా దగ్గరే ఉంచుకుని, మిగతా పెట్టె ఇచ్చాను. ధర కొంచెం తగ్గింది.

ఇప్పుడు రోజూ షాపు కట్టే ముందు ఐదు నిమిషాలు డౌన్‌లోడ్స్ తెరిచి చూస్తాను. ఉండాల్సింది డీలోకి లాగుతాను, మిగతాది షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేస్తాను. నా చేయి మరిచినదాన్ని మర్నాడు స్టోరేజ్ సెన్స్ తీసేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. కంప్యూటరు ఆన్ అయి, మనం లాగిన్ అయి, నెట్ ఉంటేనే అది నడుస్తుంది. కరెంటు లేని రోజు నా ఐదు నిమిషాల పనే దిక్కు.

మా అక్క వాళ్లది పాలకొల్లు. ఇంట్లో ఒకే కంప్యూటరు, మనుమరాలి ఫొటోలన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉన్నాయి. "నువ్వు వాడేది నాకూ పెట్టవే" అంది. అక్కడ ఒక్క రోజు గడువు పెట్టలేదు, 60 రోజులు కూడా పెట్టలేదు. ఆ ఒక్క ఎంపికను 'ఎప్పుడూ వద్దు'లోనే వదిలేసి, రీసైకిల్ బిన్‌కి 30 రోజులు పెట్టాను, క్రోమ్‌లో ముందే అడిగే మీట ఆన్ చేశాను, ఫొటోలన్నీ పిక్చర్స్‌లోకి మార్చి ఏడాదికొక ఫోల్డర్ చేసిచ్చాను. మొన్న ఫోన్ చేసి, పాప అన్నప్రాసన ఫొటో తనే వెతుక్కుని తీసుకున్నానని చెప్పింది.