వర్డ్‌లో నింపే ఫారాలు: ఆరేళ్లు వాడాక నా మాట

మా బడి ఆఫీసులో జూన్ అంటే అడ్మిషన్ల నెల. తల్లిదండ్రులు చెబుతుంటే నేను టైప్ చేసి, ప్రింట్ తీసి సంతకానికి ఇస్తాను. ఆరేళ్ల కిందటి దాకా మా దరఖాస్తు మామూలు వర్డ్ ఫైలు. 'విద్యార్థి పేరు' పక్కన చుక్కల గీత. దాని మీద పేరు కొడితే చుక్కలు జరిగి కింది వరుసలోకి దిగేవి, సంతకం చోటు తర్వాతి పేజీకి పోయేది. అంతకంటే పెద్ద తప్పు నాదే. పాత ఫైలు తెరిచి, దాని మీదే కొత్త వివరాలు కొట్టేదాన్ని. ఒకసారి ఒక పాప దరఖాస్తులో అంతకుముందు చేరిన అబ్బాయి ఆధార్ నంబరు ఉండిపోయింది. పాపం, వాళ్ల నాన్న పని మానుకుని మళ్లీ రావలసి వచ్చింది. ఆ వారమే వర్డ్‌లో ఫారాలు తయారుచేసే పనిముట్లుండే డెవలపర్ ట్యాబ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఈ ట్యాబ్ మామూలుగా కనిపించదు. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్లి టిక్ పెట్టుకోవాలి. అందులోని కంటెంట్ కంట్రోల్స్, అంటే వివరాలు నింపే గడులు, వర్డ్ 2007 నుంచి ఉన్నాయి, టిక్ పెట్టే గడి 2010లో వచ్చింది. చుక్కలన్నీ తీసేసి టేబుల్ వేశాను. ఒక్కో గడిలో ఒక్కో కంట్రోల్. తరగతికి, మాతృభాషకు, బస్సు రూటుకు డ్రాప్‌డౌన్. ఫైలును .dotx టెంప్లేట్‌గా, అంటే ఖాళీ నమూనాగా, సేవ్ చేశాను. ఇప్పుడు దాన్ని డబుల్ క్లిక్ చేస్తే ప్రతిసారీ ఖాళీ కొత్త ఫారం తెరుచుకుంటుంది. పాత పిల్లల వివరాలు కొత్తవాళ్ల ఫారంలోకి రావడం ఆ రోజుతో ఆగిపోయింది. ఈ ఒక్క పనికే నేను దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

తర్వాత రివ్యూలో రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ తెరిచి 'ఫిల్లింగ్ ఇన్ ఫార్మ్స్' ఎంచుకోవాలి. అప్పుడు గడుల్లో తప్ప ఇంకెక్కడా చెయ్యి పడదు. అయితే ఇక్కడ పెట్టే పాస్‌వర్డ్ ఫారం చెదరకుండా చూస్తుందంతే, లోపలి వివరాలను దాచదు. ఆధార్ నంబర్లున్న ఫైళ్లకు 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్' వేరుగా పెట్టండి. ఇది మాత్రం వాయిదా వేయకండి.

నాకు బాగా నచ్చింది క్విక్ పార్ట్స్‌లోని డాక్యుమెంట్ ప్రాపర్టీ. విద్యార్థి పేరు గడికి 'టైటిల్' పెట్టి, అదే టైటిల్‌ను కింద రసీదు ముక్కలో కూడా పెట్టాను. పైన పేరు కొట్టగానే రసీదులో దానంతటదే పడుతుంది. పైన ఒకలా, కింద ఒకలా స్పెల్లింగ్ పడుతుందేమోనన్న టెన్షన్ పోయింది.

ఇబ్బందులూ ఉన్నాయి. గడి ఖాళీగా వదిలేస్తే అందులోని 'క్లిక్ ఆర్ ట్యాప్' అనే ఇంగ్లీషు వాక్యం అలాగే ప్రింట్ అవుతుంది. డెవలపర్ ట్యాబ్‌లోని డిజైన్ మోడ్‌లో దాన్ని చెరిపి నాలుగు స్పేసులు పెట్టుకున్నాను. మా కంప్యూటర్లో తేదీ గడి నెలను ముందు చూపించేది. 6/5 అంటే మే 6వ తేదీయో, జూన్ 5వ తేదీయో తెలియక తికమకపడ్డాం. ప్రాపర్టీస్‌లో నెల పేరు అక్షరాల్లో వచ్చేలా మార్చాక సరిపోయింది. ఆధార్‌కు 12 అంకెలు మించకుండా ఆపడం కంటెంట్ కంట్రోల్‌కు రాదు. దానికి అదే ట్యాబ్‌లో లెగసీ టూల్స్ కింద ఉండే పాత రకం టెక్స్ట్ ఫీల్డ్ తీసుకుని గరిష్ఠ పొడవు 12 పెట్టాను.

తెలుగు విషయంలో నేను చాలా రోజులు తిప్పలు పడ్డాను. అక్షరాల సైజు ఎంత పెంచినా ఇంగ్లీషు ఒక్కటే పెరిగేది. ఫాంట్ డైలాగ్‌లో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' కింద తెలుగుకు ఫాంటూ సైజూ వేరుగా ఇవ్వాలని తెలిశాక దారికొచ్చింది. ఏ కంప్యూటర్లోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్ ఫాంటే వాడండి, గౌతమి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ. పాత డీటీపీ ఫాంట్లతో కొట్టిన పేర్లు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి, పేరు పెట్టి వెతికినా దొరకవు.

వర్డ్ నుంచి పీడీఎఫ్ చేస్తే మాత్రం గడులు చచ్చిపోతాయి, అందులో ఏమీ నింపలేం. నింపగలిగే పీడీఎఫ్ కావాలంటే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఫారం చేసి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 'క్రియేట్ పీడీఎఫ్ ఫారం' ఎంచుకోవాలి. నేను అలా చేసిన ఫారం ఇంగ్లీషుకు బాగానే ఉంది. తెలుగులో నింపితే కొన్ని రీడర్లలో వత్తులు విడిపోయాయి. అందుకే తల్లిదండ్రుల ఫోన్లకు ఫారం పంపడం మానేశాను. ఈ ఏడాది కూడా వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి, బిడ్డ పేరు వాళ్లు చదివి సరే అన్నాకే ప్రింట్ తీశాను.